ఎవనికిని ఋణపడని మనుష్యుడు

పసిబిడ్డ నేర్చుకొను మొదటి మాటలలో ‘నాది’ అనునది యొకటి. చేతిలోని బొమ్మను మరియొక బిడ్డ లాగుకొనిననాడే దాని అర్థము ఆ బిడ్డకు తెలియును. ‘మనది’ అను మాట ఆలస్యముగా వచ్చును. దానిని నేర్పుటకు తలిదండ్రులకు సంవత్సరములు పట్టును. కొందరు ఆ రెండవ మాట నేర్చుకొనకయే జీవితము ముగించెదరు. అయితే ‘నాది’ అనునదొక్కటే సత్యమనియు, ‘మనది’ అనునది బలవంతులు పన్నిన వల యనియు బోధించు తత్త్వమొకటి లోకములో కలదు. నేడది మిక్కిలి ధనవంతులైన కొందరి నోట వినబడుచున్నది. అంతమాత్రమే కాదు, లోకములో బలమైన రాజ్యముయొక్క పరిపాలనలోనికి కూడ అది ప్రవేశించినది. కాబట్టి దానిని త్రాసులో పెట్టి తూచవలసియున్నది.

ఈ తత్త్వమునకు లిబర్టేరియనిజమని పేరు. తెలుగున స్వేచ్ఛావాదమనవచ్చును. దాని బోధ సులభముగా అర్థమగును. ప్రతి మనుష్యుడును తన దేహమునకును, తన ప్రయాసకును తానే యజమానుడు. బలాత్కారము, మోసము లేకుండ అతడు సంపాదించినది యావత్తును అతనిదే. దొంగలనుండియు శత్రువులనుండియు కాపాడుట, ఒప్పందములు నిలువబెట్టుట, ఇంతవరకే ప్రభుత్వముయొక్క పని. అంతకు మించి, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటకైనను సరే, ఒకని సొమ్మును పన్నుగా తీసికొనుట అన్యాయము. దరిద్రునికి సహాయము చేయుట మంచిదే. గాని అది ఇచ్చువాని ఇష్టమే తప్ప పుచ్చుకొనువాని హక్కు కాదు.

ఈ మాటలు పలికినవారందరు రాతిగుండె గలవారని తలంచుట న్యాయము కాదు. ఈ భావములను కోట్లమంది చదువరులకు చేర్చిన ఐన్ రాండ్ అను రచయిత్రి 1905లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు పట్టణమున పుట్టెను. విప్లవము వచ్చినప్పుడు తండ్రియొక్క మందుల దుకాణమును బోల్షెవిక్కులు స్వాధీనపరచుకొనుట ఆమె బాల్యమున కన్నులార చూచెను. ‘ప్రజలందరి మేలు’ అను మాట ఆమె ఇంటికి కొల్లసొమ్ము కొరకు వచ్చినవారి నోటి మాటగా వచ్చెను. ఆమె 1926లో అమెరికా చేరెను. 1957లో ప్రచురించిన ‘అట్లస్ ష్రగ్డ్’ అను పెద్ద నవలలో, ప్రతిభావంతులైనవారు లోకముమీద సమ్మె కట్టి కొండల నడుమ నొక రహస్యపు లోయకు తరలిపోవుదురు. వారు లేక లోకము కుప్పకూలును. దేవుడు లేడని ఆమె నమ్మెను. స్వార్థము సద్గుణమని నేర్పెను. తాను స్వేచ్ఛావాదిని కానని ఆమె చెప్పుకొనినను, ఆ మార్గమున నడచినవారిలో అనేకులు ఆమె పుస్తకముల ద్వారమున లోపలికి వచ్చినవారే.

హార్వర్డు విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రాచార్యుడైన రాబర్ట్ నోజిక్ 1974లో ఈ వాదమునకు మిక్కిలి గట్టి రూపమిచ్చెను. ఆయన చూపిన ఉదాహరణము ప్రసిద్ధము. గొప్ప బాస్కెట్‌బాల్ ఆటగాడొకడు కలడు. అతని ఆట చూచుటకు పది లక్షలమంది తమంతట తామే తలకొక పావు డాలరు అతనికిచ్చిరి. అతనికి రెండున్నర లక్షల డాలర్లు కూడెను. ఇందులో ఎవనికి అన్యాయము జరిగెను? ఇచ్చినవారు సంతోషముతో ఇచ్చిరి. మరి ఏ న్యాయమునుబట్టి ప్రభుత్వము అందులో చేయి పెట్టును? ఈ ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పువాడు దానిని సరిగా వినలేదనవలెను.

ప్రభుత్వమునకు భయపడుటకు మనుష్యులకు తగిన కారణములున్నవి. ఇశ్రాయేలీయులు రాజు కావలెనని కోరినప్పుడు, ఆ రాజు వారి కుమారులను, పొలములను, పంటలో పదియవ భాగమును తీసికొనునని సమూయేలు ముందుగానే హెచ్చరించెను. అనుమతి లేక ప్రసంగించినందుకు జాన్ బన్యన్ 1660 మొదలుకొని పండ్రెండేండ్లు బెడ్‌ఫర్డు చెరసాలలో నుండెను. 1975 జూను మొదలుకొని 1977 మార్చి వరకు భారతదేశములో అత్యవసర పరిస్థితి నడచిన దినములలో, అధికారము ఒక్క చేతిలో చేరిన ఏమగునో పెద్దలు చూచియే యున్నారు. మనస్సాక్షిమీద రాజ్యమునకు అధికారము లేదను సత్యమును ప్రొటెస్టంటు పితరులు వెలపెట్టి కొనిరి. కావున స్వేచ్ఛ విలువైనదా అని ఇక్కడ అడుగవలసిన పని లేదు. ఎట్టి స్వేచ్ఛ, ఎవని స్వేచ్ఛ, దేనికొరకైన స్వేచ్ఛ అని అడుగవలెను.

కంప్యూటర్ల వ్యాపారమునకు కేంద్రమైన కాలిఫోర్నియాలోని సిలికాన్ వ్యాలీలో ఈ తత్త్వము త్వరగా వేరూనెను. అక్కడ యువకుడొకడు ఒక చిన్న గదిలో వ్రాసిన ప్రోగ్రాము కొలది యేండ్లలో కోట్లాది జనులకు చేరవచ్చును. అట్టివానికి తన ధనము తన మెదడులోనుండియే పుట్టినట్లు తోచుట వింత కాదు. 1996 ఫిబ్రవరిలో జాన్ పెర్రీ బార్లో అను అమెరికా రచయిత, ఇంటర్నెట్ లోకముపై ఏ ప్రభుత్వమునకును అధికారము లేదని యొక స్వాతంత్ర్య ప్రకటనమునే ప్రచురించెను. ఆ కాలపు యువకులకు అది సువార్త వలె వినబడెను.

ఆ తరమువారిలో పీటర్ థీల్ ముఖ్యుడు. 1967లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో పుట్టి అమెరికాలో పెరిగిన ఈయన, 1998లో పేపాల్ సంస్థకు పునాది వేసినవారిలో నొకడు. 2002లో ఆ సంస్థను ఈబే 150 కోట్ల డాలర్లకు కొనెను. 2004లో ఫేస్‌బుక్ కంపెనీకి బయటినుండి మొట్టమొదట పెట్టుబడి పెట్టినవాడును ఈయనయే. 2009లో ఆయన ప్రకటించిన వ్యాసమొకటి అనేకులను నివ్వెరపరచెను. స్వేచ్ఛయు ప్రజాస్వామ్యమును ఒకదానితో నొకటి పొసగునని తానిక నమ్మనని ఆయన అందులో వ్రాసెను. 1920 తరువాత ప్రభుత్వ సహాయము పొందువారు పెరుగుటయు, స్త్రీలకు ఓటు కలుగుటయు స్వేచ్ఛావాదుల ఆశలకు అడ్డుపడెనని కూడ వ్రాసెను. ఎవరి ఓటును తీసివేయవలెనని తన తలంపు కాదని ఆయన పిమ్మట వివరించెను. రాజకీయములనుండి తప్పించుకొనిపోవుటకు మూడు మార్గములు ఆయన చూపెను: ఇంటర్నెట్, అంతరిక్షము, సముద్రము.

సముద్రమును గూర్చిన మాట కేవలము ఊహ కాదు. ఏ రాజ్యమునకును చెందని జలములపై తేలు పట్టణములు కట్టవలెనని 2008లో సీస్టెడింగ్ ఇన్‌స్టిట్యూట్ అను సంస్థ ఏర్పడెను. థీల్ దానికి 5 లక్షల డాలర్లు ఇచ్చెను. 2017 జనవరిలో పసిఫిక్ మహాసముద్రములోని ఫ్రెంచి పాలినేషియా ప్రభుత్వముతో ఆ సంస్థ యొక ఒడంబడిక చేసికొనెను. అయితే ఆ ద్వీపవాసులలో వ్యతిరేకత పుట్టెను. మరుసటి సంవత్సరమునకే ఆ ప్రయత్నము ఆగిపోయెను. ఈలోగా 2011లో థీల్, అంతవరకు కేవలము పండ్రెండు దినములు మాత్రమే గడిపిన న్యూజీలాండు దేశపు పౌరసత్వము పొందెను. రాజ్యములే వలదనువానికి కూడ మరియొక రాజ్యపు పాస్‌పోర్టు ఆశ్రయముగా కనబడెను.

ఈ ప్రయాణములో మొదట మరువబడినది అప్పు. వారి సంపదకు ఆధారమైన ఇంటర్నెట్ ఎక్కడ పుట్టెను? 1969లో అమెరికా రక్షణశాఖ ధనముతో మొదలైన ఆర్పానెట్ దానికి తల్లి. అందరు నేడు వాడు వెబ్‌ను, అనేక యూరపు ప్రభుత్వముల సొమ్ముతో నడచు సెర్న్ అను పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ 1989లో రూపించెను. 1993లో ఆ సంస్థ దానిని వెల లేకుండ లోకమునకు ఇచ్చివేసెను. మార్క్ ఆండ్రీసెన్ అను పెట్టుబడిదారుడు 2023లో సాంకేతిక వృద్ధిని కీర్తించు ప్రకటన వ్రాసి, సామాజిక బాధ్యత వంటి మాటలను శత్రువుల పట్టికలో చేర్చెను. ఆయనకు మొదట పేరు తెచ్చిన మొజాయిక్ అను బ్రౌజరు, ప్రభుత్వ ధనసహాయముతో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో తయారైనది. ఈలాన్ మస్క్ స్థాపించిన స్పేస్ఎక్స్ కంపెనీ మునుగు స్థితిలో నుండగా, 2008 డిసెంబరులో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 160 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చెను. ఆయన నడుపు టెస్లాకు 2010లో ప్రభుత్వము 46.5 కోట్ల డాలర్లు అప్పిచ్చెను. కంపెనీ దానిని 2013లో గడువుకు ముందే తీర్చెను. తీర్చుట మెచ్చుకొనదగినదే. గాని అప్పు తీర్చినవానికి, తనకు అప్పు పుట్టినదన్న జ్ఞాపకము కూడ తుడిచివేయు హక్కు కలుగదు.

2023 మార్చిలో ఈ సంగతి బట్టబయలాయెను. ఆ నెల 9వ తేదీన సిలికాన్ వ్యాలీ బ్యాంకునుండి ఒక్క దినమున 4,200 కోట్ల డాలర్లు వెనుకకు తీసికొనుటకు జనులు ఎగబడిరి. మరునాడు బ్యాంకు మూతపడెను. చట్టప్రకారము ఒక్కొక్కరి డిపాజిటుకు రెండున్నర లక్షల డాలర్ల వరకే బీమా గలదు. అక్కడి సొమ్ములో అత్యధిక భాగము ఆ పరిమితికి మించినది. ప్రభుత్వము అడ్డు తొలగవలెనని అంతవరకు చెప్పుచుండిన పెట్టుబడిదారులలో కొందరు, ప్రభుత్వము వెంటనే కలుగజేసికొనవలెనని కేకలు వేసిరి. 12వ తేదీన డిపాజిట్లన్నియు భద్రమని ప్రభుత్వము ప్రకటించెను. మునుగువాడు కేక వేయుటలో తప్పు లేదు. ఒడ్డు చేరిన తరువాత, మునుగుచున్న మరియొకని కేకను అతడెట్లు వినుననునదే పరీక్ష.

నోజిక్ చూపిన ఆటగాని యొద్దకు మరల వచ్చిన, ఆ లెక్కలో లేనివి కనబడును. ఆట జరుగు మైదానము, అచ్చటికి జనులను చేర్చు బాట, పావు డాలరుకు విలువనిచ్చు రాజముద్ర, ఆ బాలునికి ఆట నేర్పిన బడి, అతనిని కని పెంచిన తల్లి — వీటిలో ఒక్కటియు టిక్కెట్టుమీద అచ్చుపడలేదు. ప్రతిభ అతనిదే, సాధనయు అతనిదే. గాని ఆ ప్రతిభ నిలిచిన నేలను అతడు చేయలేదు. ఇందుకు నోజిక్ తానే కొంత సాక్ష్యము పలికెను. 1989లో ప్రచురించిన పుస్తకమున, తన మునుపటి వాదము చాలినది కాదని ఆయన ఒప్పుకొనెను. మనుష్యులు కలిసి ఒకరిపట్ల నొకరికి గల బాధ్యతను బహిరంగముగా చాటుట కూడ మానవ జీవితమునకు అవసరమని ఆయన గుర్తించెను. స్వంత వాదమును మించి సత్యమును ప్రేమించుట అరుదైన గుణము.

ఇక విచిత్రమైన మలుపు. రాజ్యమునుండి పారిపోదలచినవారు కాలక్రమమున రాజ్యముయొక్క వాకిట నిలిచిరి. పిమ్మట లోపలికే వచ్చిరి. 2016లో థీల్ డొనాల్డ్ ట్రంప్ పక్షమున సభాముఖముగా మాటలాడెను. 2022లో ఒహాయో రాష్ట్రమున సెనేటుకు పోటీచేసిన జె.డి. వాన్స్ అను తన పూర్వోద్యోగి కొరకు కోటి యేబది లక్షల డాలర్లు వెచ్చించెను. ఆ వాన్స్ 2025 జనవరిలో అమెరికా ఉపాధ్యక్షుడాయెను. ఆయన భార్య ఉష తెలుగు కుటుంబమున పుట్టినదగుటచేత, తెలుగు పత్రికలు ఆ వార్తను సంతోషముతో ప్రకటించెను. మస్క్ 2022లో 4,400 కోట్ల డాలర్లతో ట్విట్టరును కొనెను. 2024 ఎన్నికలలో 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుచేసెను. 2025 జనవరిలో ప్రభుత్వ వ్యయము తగ్గించుటకు ఏర్పడిన విభాగమునకు నాయకుడై మే నెలాఖరు వరకు నుండెను. ఆ దినములలోనే, 1961 మొదలు దేశదేశములకు ఆహారమును ఔషధములను చేర్చిన యు.ఎస్.ఎయిడ్ అను సంస్థ విచ్ఛిన్నమై, జూలై 1న దాని పని ముగిసెను. విదేశసహాయమంతయు కలిపినను అమెరికా కేంద్రప్రభుత్వ వ్యయములో నూటికి సుమారు ఒక వంతు మాత్రమే. లోకములో అందరికంటె ధనవంతుడు, లోకములో అందరికంటె దరిద్రులైనవారి గిన్నెను లెక్కించుటకు కూర్చుండెను.

థీల్ 2003లో స్థాపించినవారిలో నొకడైన పలంటీర్ కంపెనీ, జనులను గూర్చిన సమాచారమును కూర్చి పరిశీలించు సాధనములను ప్రభుత్వములకు అమ్మును. 2025 ఆగస్టులో అమెరికా సైన్యము పదేండ్లలో 1,000 కోట్ల డాలర్ల వరకు కొనుగోలుకు ఆ కంపెనీతో ఒప్పందము చేసికొనెను. ప్రభుత్వపు కన్నును జూచి భయపడుమని నేర్పిన తత్త్వము, ఆ కన్నుకు అద్దములమ్ము వ్యాపారమున ముగియుట గమనింపదగినది. స్వేచ్ఛావాదులందరు దీనిని మెచ్చలేదు. ఆ వాదమునకు ప్రసిద్ధ కేంద్రమైన కేటో ఇన్‌స్టిట్యూట్ పండితులు దిగుమతి సుంకములను, వలసవారిపై జరుగు కఠిన చర్యలను బహిరంగముగా ఖండించిరి. మాటకు కట్టుబడిన వారిని గౌరవింపవలెను.

అయితే ఈ మలుపు కేవలము కొందరి కపటముయొక్క ఫలమా? అంతకంటె లోతైన కారణమొకటి అందులో నున్నట్లు తోచుచున్నది. మనుష్యుడు పొరుగువాడు లేని చోటికి పోజాలడు. సముద్రముపై పట్టణము కట్టినను వంటవాడు, వైద్యుడు, చెత్త మోయువాడు అక్కడ కావలెను, దరిని ద్వీపవాసులుందురు. పొరుగువాడు తప్పనివాడైనప్పుడు అతనితో రెండు విధములుగా మాత్రమే జీవింపవచ్చును: అతనికి కట్టుబడి యుండుట, లేదా అతనిపై ఏలుబడి చేయుట. కట్టుబడనొల్లనివాడు, తాను తలంచినను తలంపకున్నను, ఏలుబడియొద్దకే చేరును. అందుచేతనే ఎవనికిని ఋణపడనని బయలుదేరినవాడు అందరిపై అధికారము చేయువాడై నిలుచును. పొలములో తమ్ముని చంపి, అతనికి తాను కావలివాడనా అని ఎదురు ప్రశ్న వేసిన కయీనుకంటె, ఈ సంగతికి పాత సాక్షి లేడు. తమ్ముని భారము వలదనినవాని చేతిలోనే తమ్ముని ప్రాణము పోయెను.

ఇక్కడ స్వేచ్ఛావాది యొక న్యాయమైన ప్రశ్న వేయును: “బలవంతము లేకుండ, ప్రేమచేత ఇచ్చుట చాలదా?” దీనికి సమాధానము తెలుగు నేలమీదనే కలదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణ భారతమును దహించిన కరవులో బ్రిటిషు పాలనలోని ప్రాంతములందే 50 లక్షలకు పైగా జనులు మరణించిరని అంచనా. వైస్రాయి లిట్టన్ ప్రభుత్వము, ధాన్యపు వ్యాపారమున ప్రభుత్వము జోక్యము చేసికొనరాదను సిద్ధాంతమును పట్టుకొనెను; మద్రాసు ప్రభుత్వము ధాన్యము కొనినందుకు దానిని తప్పుపట్టెను. 1877లో లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్, కరవుపనులలో పురుషుని దినకూలిని ఒక పౌను ధాన్యము, ఒక అణాకు తగ్గించెను. దానితో పనిచేయువాడు బ్రదుకజాలడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించెను. ఆ సిద్ధాంతమును పట్టుకొనినవారు క్రూరులమని తలంచుకొనలేదు. సంత తన పని తాను చేయునని నమ్మిరి. సంత కదలకమునుపే శవములు బాటలను నింపెను.

ఆ దినములలో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఏమి చేసెనో తెలుగు క్రైస్తవ కుటుంబములలో తాతలు మనుమలకు చెప్పుకొనిన సంగతియే. పూర్వము సర్వేయరుగా పనిచేసిన ఆయన, బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ త్రవ్వకమును కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించి కూలి చెల్లించెను. కరవు నడచినంతకాలము బాప్తిస్మములు ఇయ్యక ఆపెను. అన్నము కొరకు విశ్వాసమును కొనినట్లు కాకూడదని ఆయన పట్టుదల. ఆ ప్రేమలో బలవంతమేమియు లేదు. అయినను ఆ కాలువ ఎవరిది? ప్రభుత్వముది. ఆ కూలిసొమ్ము ఎక్కడిది? ప్రజాధనమునుండి వచ్చినది. ప్రభుత్వపు సొమ్ము ప్రేమగల చేతులగుండ పోయినప్పుడు ప్రాణములు నిలిచెను. ఒక్క మిషనరీ చేతులు ఎంత పెద్దవైనను కాలువంత పొడవు కావు. కాలువ ఎంత పొడవైనను దానంతట అది కనికరింపజాలదు. దాతృత్వము చట్టముయొక్క పనిని మాన్పజాలదు. చట్టము దాతృత్వముయొక్క పనిని మాన్పజాలదు. మోషే ధర్మశాస్త్రములో సయితము పొలపు మూలలు దరిద్రుల కొరకు విడువవలసినవే. అది రైతు చేయు ఉపకారముగా గాక, రైతుకు విధించిన ధర్మముగా చెప్పబడినది. స్వేచ్ఛావాదులు తమకు మూలపురుషునిగా చెప్పుకొను జాన్ లాక్ కూడ, ప్రాణము నిలుపుకొను వేరు మార్గము లేనివానికి మరియొకని సమృద్ధిలో హక్కు గలదని పదిహేడవ శతాబ్దములోనే వ్రాసెను.

ఈ ప్రశ్న దూరదేశపు కోటీశ్వరులతో ముగియదు. హైదరాబాదు, బెంగళూరు, డల్లాసు పట్టణములలో తెలుగు యువకులు వేలకొలది అట్టి కంపెనీలలో పనిచేయుచున్నారు. పన్నుల సంగతి వచ్చినప్పుడు, రిజర్వేషన్ల సంగతి వచ్చినప్పుడు, ఊరి బంధువు సహాయమడిగినప్పుడు, “నా తెలివి, నా కష్టము, నా సంపాదన” అను మాట ఇంటింట వినబడుచున్నది. ఆ మాటలో సగము సత్యము. మిగిలిన సగమును వెదకుటకు దూరము పోనక్కరలేదు. తాత చదివిన మిషను బడికి, ముఖము కూడ చూడని ఏ విధవరాలో దూరదేశమునుండి కాసులు పంపియుండవచ్చును. తండ్రి చదివిన ప్రభుత్వ కళాశాలకు, తన బిడ్డను బడికి పంపలేని కూలివాడు ఉప్పుమీదను కిరోసినుమీదను పన్ను చెల్లించియుండవచ్చును. వారెవ్వరును రసీదు పుచ్చుకొనలేదు. కాబట్టియే ఆ అప్పు మరచుట సులభము.

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో థీల్ శాన్‌ఫ్రాన్సిస్కో పట్టణమున క్రీస్తువిరోధిని గూర్చి నాలుగు ఉపన్యాసములిచ్చెను. తాను క్రైస్తవుడనని చెప్పుకొను ఆయన, లోకమును ఉపద్రవమునుండి కాపాడెదనను నెపముతో సర్వలోకమును ఒక్క ప్రభుత్వము క్రిందికి తెచ్చు అధికారమును గూర్చి హెచ్చరించెను. అట్టి అధికారమునకు భయపడవలసినదే. గాని అరణ్యములో శోధకుడు ప్రభువునకు చూపినవి లోకరాజ్యములు. చూపినది ఎత్తైన కొండమీదనుండి. అంత ఎత్తునుండి చూచువానికి జనులు కనబడరు, రాజ్యములే కనబడును. ప్రభువు ఆ కొండ దిగి, కుష్ఠరోగులను ముట్టు బాటమీదికి వచ్చెను. ఆయనవలె స్వతంత్రుడైనవాడు భూమిమీద నడువలేదు. ఆయనవలె ఇతరులకు కట్టుబడినవాడును లేడు. ఈ రెండును ఒక్క జీవితమున ఇముడునని ఆయన చూపెను.

కొట్లు విప్పి అంతకంటె గొప్పవి కట్టదలచిన ధనవంతుని కథలో ప్రభువు అతనిని దొంగ యనలేదు; అతని పంట న్యాయముగా పండినదే. అతడు ఆలోచించినదంతయు తనతోనే ఆలోచించెను. మాటలాడినదంతయు తన ప్రాణముతోనే మాటలాడెను. ఆ కథలో రెండవ మనుష్యుడు లేడు. అతని వెఱ్ఱితనమంతయు ఆ ఒంటరితనములో నున్నది. ఆ రాత్రి అతని ప్రాణమడుగబడినప్పుడు, అది కూడ అప్పుగా తెచ్చినదేనని తెలిసెను.

ఋణమును బానిసత్వమని తలంచువాడు దానినుండి పారిపోవును. పారిపోవుటకు సముద్రములు చాలవు. ఋణమును బంధుత్వమని ఎరిగినవాడు నిలిచి, చేతనైనంత తీర్చుచు, తీరనిదానికి కృతజ్ఞతతో తల వంచును. అట్టివాని నోట ‘నాది’ అను మాట నశింపదు. గాని దాని ప్రక్కను, పసితనమున ఆలస్యముగా నేర్చిన ఆ రెండవ మాట కూడ వినబడుచుండును.